ముంచి రాసే పెన్ను మొదలుపెట్టాను: సిరా బొట్లు పడుతున్నాయి, గీత రెండుగా చీలుతోంది, తప్పు ఎక్కడ?

వంకరగీత (1)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇదే మొదటిసారి. పాళీని సిరాలో ముంచి రాయాలని చాలా కాలంగా కోరిక. పోయిన వారం ఒక సెట్ తెప్పించుకున్నాను, అందులో చెక్క హోల్డర్ ఒకటి, రకరకాల పాళీలు ఆరు, నల్ల సిరాబుడ్డి ఒకటి ఉన్నాయి. వారం నుంచి రోజూ గంటసేపు కూర్చుంటున్నాను, నాలుగు అక్షరాలు కుదురుగా రాలేదు.

ముంచి కాగితం మీద ఆనించగానే ఉన్న సిరా అంతా ఒక్క బొట్టుగా జారిపోతుంది. లేదంటే అసలు దిగదు. దిగట్లేదు కదా అని గట్టిగా నొక్కితే గీత మధ్యలో ఖాళీ ఉండిపోయి అటూ ఇటూ రెండు సన్న గీతలు పడతాయి. పైకి గీస్తుంటే కాగితంలో గుచ్చుకుని సిరా చిమ్ముతుంది. ఇన్ని తప్పించుకుని ఒక అక్షరం వచ్చిందీ అంటే దాని చుట్టూ వేర్లు మొలిచినట్టు సిరా పాకుతుంది. ఇవి చాలవన్నట్టు పాళీ హోల్డర్‌లో ఊగుతోంది. నిన్న ఊడి బుడ్డిలోనే పడిపోయింది.

కాగితం మామూలు ప్రింటర్ కాగితం. తెలుగూ రాయాలని ఉంది, ఇంగ్లీషులో కాపర్‌ప్లేట్ అనే వాలురాత కూడా నేర్చుకోవాలని ఉంది. నా చేతిరాత చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమే, అందుకని ఇది నాకు వచ్చే పని కాదేమో అనిపిస్తోంది. ఎక్కడ దిద్దుకోవాలో చెప్పండి.

సిరాబుడ్డి (2)

వంకరగీత గారూ, స్వాగతం. మీ చేతిని ఇప్పుడే తప్పుపట్టకండి. మీరు చెప్పిన వాటిలో సగానికి పైగా చేతితో సంబంధం లేనివే.

ముందు హోల్డర్ సంగతి. దాని మూతిలోకి ఒకసారి వెలుతురులో చూడండి. బయట గుండ్రటి లోహపు రింగు, దాని లోపల పూరేకుల్లా నాలుగు చిన్న రేకులు ఉంటాయి. మొదటిసారి అందరం ఆ రేకుల నడుమ ఉన్న కన్నంలోనే పాళీని దూరుస్తాం, చూడ్డానికి అదే దారిలా ఉంటుంది మరి. కానీ పాళీ వెళ్లాల్సింది రేకుకీ రింగుకీ మధ్య ఉన్న సన్నని సందులోకి. పాళీ వెనక భాగం వంపు, రింగు వంపు ఒకదానికొకటి ఆనుకుంటాయి, రేకు లోపలి నుంచి దాన్ని అదిమి పట్టుకుంటుంది. బిగువుగానే వెళ్తుంది, భయపడకండి. నెట్టేటప్పుడు మాత్రం మొన దగ్గర పట్టుకోవద్దు, వెనక్కి, వెడల్పుగా ఉన్నచోట పట్టుకుని నెట్టండి. మొన వంగిందంటే ఆ పాళీ ఇక పనికిరాదు.

మీ ఆరింటిలో సన్నని గొట్టంలా గుండ్రంగా చుట్టిన పాళీ ఉంటే పక్కన పెట్టేయండి. హంట్ 102 లాంటివి ఆ రకం, క్రోక్విల్ అంటారు. వాటికి వేరే సన్న హోల్డర్ కావాలి.

రెండోది నూనె. ఇదే అసలు దొంగ. కొత్త పాళీ తుప్పు పట్టకుండా తయారీలోనే పైన పల్చగా నూనె పూత వేస్తారు. పాళీలో పెద్ద యంత్రాంగమేమీ లేదు, ఫౌంటెన్ పెన్నులో ఉన్నట్టు లోపల సిరా నిల్వా లేదు, దాన్ని కొలిచి వదిలే ఫీడూ లేదు. సిరా పాళీని అంటుకుని ఉండటం మీద, మొన చీలికలోంచి మెల్లగా కిందికి దిగడం మీద మొత్తం వ్యవహారం నడుస్తుంది. నూనె ఉంటే సిరా అంటుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా ఉంటుంది, కాగితం తగలగానే మొత్తం జారిపోతుంది. మీ మొదటి కష్టం ఇదే.

గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో రెండు వైపులా తోమండి, కడిగి తుడవండి. తర్వాత సిరాలో ముంచి పైకెత్తి చూడండి. సిరా పాళీ అంతా ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. అక్కడక్కడా విడిపోయి ముత్యాల్లా నిలబడితే ఇంకోసారి తోమాలి. ఈ ఒక్క పరీక్ష అలవాటు చేసుకోండి, సగం టెన్షన్ పోతుంది.

నల్లమసి (3)

సబ్బు ఎందుకండీ, అగ్గిపుల్ల వెలిగించి రెండు సెకన్లు మంటలో అటూ ఇటూ తిప్పితే నూనె కాలిపోతుంది. నేను ఏళ్లుగా అదే చేస్తున్నాను.

సిరాబుడ్డి (4)

> అగ్గిపుల్ల వెలిగించి రెండు సెకన్లు

మీ చేతికి ఆ రెండు సెకన్లు తెలుసు కాబట్టి చెల్లుతోంది. కొత్తవాళ్లు రెండు అనుకుని ఐదు ఉంచుతారు. ఉక్కు మరీ వేడెక్కితే పాళీకి ఇచ్చిన పదును, ఆ స్ప్రింగు గుణం పోతుంది, నొక్కినప్పుడు విచ్చుకున్న కాళ్లు, అంటే చీలికకి అటూ ఇటూ ఉన్న రెండు సగాలు, మళ్లీ దగ్గరికి రావు. అందుకే మొదలుపెట్టేవాళ్లకి నేను మంట చెప్పను. బంగాళాదుంపలో పాళీని గుచ్చి పదిహేను నిమిషాలు ఉంచేవాళ్లూ ఉన్నారు, అది కూడా పనిచేస్తుంది. పాతకాలపు పాళీలకైతే నూనె బదులు గట్టి వార్నిష్ పూత ఉంటుంది, అది సబ్బుకి లొంగదు, స్పిరిట్‌తో తుడవాలి.

నల్లమసి (5)

ఒప్పుకుంటున్నాను. నా పాళీల్లో కొన్ని తొందరగా మెత్తబడ్డాయి, కారణం ఇప్పుడు అర్థమవుతోంది.

సిరా గురించి మాత్రం నన్ను చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన విషయం. వంకరగీత గారూ, మీ బుడ్డి మీద ఏం రాసుందో చూడండి. ఫౌంటెన్ పెన్ సిరా అయితే అది బాగా పల్చగా ఉంటుంది, సన్నని దారుల్లో ఆగకుండా పారడానికే అలా చేస్తారు. ముంచే పాళీ మీద అది నిలవదు, పాళీ ఎంత శుభ్రంగా ఉన్నా బొట్టు పడుతుంది. దానికి మందు గమ్ అరబిక్, అంటే తుమ్మ జాతి చెట్టు బంక. ద్రవంగా దొరుకుతుంది. చిన్న సీసాలోకి కొంచెం సిరా తీసుకుని, ఒక్కో చుక్క వేసి కలిపి రాసి చూసుకుంటూ పోవాలి. చాలినంత పడితే సిరా పాళీ మీద కుదురుగా కూర్చుంటుంది, కాగితంలో పాకడం కూడా తగ్గుతుంది. ఎక్కువైతే దిగనే దిగదు. పెద్ద బుడ్డిలో ఎప్పుడూ కలపకండి.

ఇండియా ఇంక్ అని రాసుంటే అది మసి సిరా, అందులో చాలావాటిలో లక్క ఉంటుంది. ఆరాక నీళ్లకి చెదరదు, నలుపు కూడా బలంగా ఉంటుంది. కష్టం ఏంటంటే పాళీ మీద కూడా అలాగే ఆరిపోతుంది. నాలుగైదు మాటలకోసారి పాళీని నీళ్లలో ముంచి తుడుచుకోవాలి, లేకపోతే చీలిక మూసుకుపోతుంది. దీన్ని పొరపాటున కూడా ఫౌంటెన్ పెన్నులో పోయకండి, ఆ పెన్ను మళ్లీ కోలుకోవడం కష్టం.

జపాన్ సుమి సిరా కూడా మసితో చేసిందే, కానీ పట్టు కోసం జంతువుల జిగురు వాడతారు. నల్లగా, కొంచెం మెరుపుతో వస్తుంది, గీత అంచులు తెగినట్టు ఉంటాయి. బుడ్డిలో చిక్కగా ఉంటే డిస్టిల్డ్ వాటర్ చుక్కలు వేసి పల్చన చేసుకోవాలి. మొదటి నల్ల సిరాగా నా ఓటు దీనికే. అంతకంటే మెత్తగా చెప్పిన మాట వినేది వాల్‌నట్ ఇంక్. గోధుమ రంగు, ఎండినా నీళ్లతో సులువుగా వదిలిపోతుంది, పాళీని పాడుచేయదు, ఒత్తు పెరిగినచోట ముదురుగా, తగ్గినచోట లేతగా కనబడుతుంది కాబట్టి మన చెయ్యి ఎక్కడ ఆగిందో కాగితమే చూపిస్తుంది.

ఇక ఐరన్ గాల్. మాచికాయ కషాయంలో అన్నభేది కలిపితే పుట్టే సిరా ఇది. వందల ఏళ్లపాటు యూరప్‌లో దస్తావేజులు ఎక్కువగా దీనితోనే రాశారు. రాస్తున్నప్పుడు లేతగా, నీళ్లలా ఉంటుంది. గాలి తగిలే కొద్దీ కళ్ల ముందే నల్లబడుతుంది. నాకు ఇప్పటికీ అది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. సన్న గీతలు దీనితో వచ్చినంత సన్నగా ఇంకే సిరాతోనూ రావు. అయితే ఆమ్లం ఉన్న సిరా కాబట్టి పాళీని తినేస్తుంది, వెంటనే కడిగినా ఆ పాళీ ఆయువు తక్కువే. మొదటి నెలలో దీని జోలికి వెళ్లకండి, తర్వాత తప్పకుండా వెళ్లండి.

వంకరగీత (6)

చాలా థాంక్స్ అండి. బుడ్డి మీద ఫౌంటెన్ పెన్ సిరా అనే ఉంది, సెట్‌లో అదే ఎందుకు పెట్టారో తెలియదు. గమ్ అరబిక్ తెప్పిస్తున్నాను.

హోల్డర్ విషయం మాత్రం ఇప్పుడే చేసి చూశాను. రింగుకీ రేకుకీ మధ్య నెట్టగానే టక్కున కూర్చుంది, ఇప్పుడు కదిపినా కదలట్లేదు. వారం రోజులు నేను దాన్ని ఖాళీలో నిలబెట్టి రాశానన్నమాట.

నా పాళీల మీద పేర్లు లేవు, చిన్న చిన్న అంకెలున్నాయి అంతే. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?

మూడోపాళీ (7)

పేరు లేని పాళీలతో నేనూ మొదలుపెట్టాను. ఆ సెట్‌లో రెండు పాళీలకి చీలిక మధ్యలో లేదు, ఒకదానికి కాళ్లు ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి. నెలరోజులు నా చెయ్యే అలా రాస్తోందనుకున్నాను. భూతద్దం పెట్టి మొన చూడండి, రెండు కాళ్లూ సమంగా కలిసి ఒకే బిందువులా కనబడాలి. ఒక కాలు గడప ఎక్కినట్టు పైకి ఉంటే ఎంత మంచి సిరా పోసినా గుచ్చుకుంటుంది.

మీరు కొనదలిస్తే నిక్కో జి ఒకటి తీసుకోండి. జీబ్రా జి కూడా అదే తరహా. జపాన్‌లో మాంగా (కామిక్స్) బొమ్మలు గీసేవాళ్లు వాడే పాళీలు, కాస్త గట్టిగా ఉంటాయి. గట్టిగా ఉండటమే కొత్తవాళ్లకి మేలు, ఎందుకంటే మన చేతికి ఒత్తిడి లెక్క ఇంకా తెలియదు కాబట్టి కొంచెం ఎక్కువ పడినా పాళీ ఓర్చుకుంటుంది. బ్రాస్ 361 స్టెనో అని నీలం రంగు పాళీ ఉంది, ఇంకొంచెం జారుతూ రాస్తుంది, గీత మరీ సన్నగా రాదు గానీ గుచ్చుకోదు.

గిల్లాట్ 303, హంట్ 101, లియోనార్ట్ ప్రిన్సిపల్, ఈ పేర్లు వీడియోల్లో బాగా వినబడతాయి. వెంట్రుక లాంటి గీత వాటితో వస్తుంది, నిజమే. కానీ మొన సూదిలా ఉంటుంది, ఒత్తు కొంచెం పెరిగితే విపరీతంగా విచ్చుకుంటుంది. జి పాళీతో పైకి గీసిన గీత వణక్కుండా వచ్చిన రోజున వాటిని ముట్టుకుంటే చాలు. అదే పాళీ నాలుగైదు తీసుకోండి, నాలుగైదు రకాలు వద్దు. పాళీ మారిన ప్రతిసారీ చెయ్యి మొదటికొస్తుంది.

మొన చదునుగా, ఉలిలా కోసినట్టు ఉండే పాళీలది వేరే కుటుంబం. స్పీడ్‌బాల్ సి వరస, మిచెల్ రౌండ్ హ్యాండ్, బ్రాస్ బాండ్‌జుగ్ అన్నీ అవే. వాటిని నొక్కక్కర్లేదు. కోణం మార్చకుండా పట్టుకుంటే చాలు, వెళ్లే దిక్కుని బట్టి లావూ సన్నమూ అవే వస్తాయి. ఇటాలిక్ రాతకి పాళీని 45 డిగ్రీలకి దగ్గరగా పట్టుకుని, అక్షరం ఒంటి ఎత్తు పాళీ వెడల్పుకి 5 రెట్లు ఉంచుతారు.

అద్దుడుకాగితం (8)

ఒక ముక్క చరిత్ర, పాళీల మాట వచ్చింది కాబట్టి. 19వ శతాబ్దంలో ఉక్కు పాళీల పరిశ్రమకి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కేంద్రం. గిల్లాట్, మిచెల్ ఈ రెండూ అక్కడ పుట్టిన కంపెనీలే. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో పాళీల పని ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు, చేత్తో లాగే ప్రెస్సుల మీద రేకు కత్తిరించడం, కన్నం పొడవడం, వంపు తిప్పడం, చీలిక వేయడం, ఒక్కో మనిషి రోజంతా ఒకటే పని. ఇప్పుడు అక్కడ పెన్ మ్యూజియం ఉంది. నా దగ్గరున్న ఒక పాత పాళీని భూతద్దం కింద చూస్తే చీలిక వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు. దాన్ని పెట్టినప్పుడల్లా ఆ చేతులు గుర్తొస్తాయి.

కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. వంకరగీత గారు చెప్పిన ఆ వేర్లు మొలవడానికి సగం కారణం కాగితమే. మామూలు ప్రింటర్ కాగితంలో పీచు వదులుగా ఉంటుంది, తడి తగలగానే లాగేసుకుంటుంది. పైన నునుపుగా పూత పట్టిన కాగితం కావాలి. రోడియా, క్లెర్‌ఫోంటేన్ లాంటివి చాలామంది వాడతారు. వాటికోసం ఆగక్కర్లేదు, లేజర్ ప్రింటర్ కోసం చేసే 100 జీఎస్ఎం పైబడిన నునుపు కాగితం మీద గీసి చూడండి. కొనేముందు ఒక షీటు మీద ఒక నిలువుగీత గీయండి, ఎండాక వెనక్కి తిప్పి చూడండి. వెనక కనబడకపోతే, అంచు మసకబారకపోతే అది మీ కాగితం.

రాసేటప్పుడు అరచేయి కింద ఇంకో కాగితం ముక్క ఉంచుకోండి. చేతి జిడ్డు అంటినచోట సిరా ఎక్కదు, పేజీ కింది సగంలో సిరా పట్టట్లేదని బాధపడేవాళ్లలో చాలామందికి ఇదే కారణం. రాసే కాగితం కింద ఇంకో ఐదారు కాగితాలు మెత్తగా పరుచుకుంటే పాళీకి సుఖంగా ఉంటుంది.

ఎడంచేతివాటం (9)

ఇక్కడే అడుగుతున్నాను, వేరే చర్చ మొదలుపెట్టను. కాపర్‌ప్లేట్‌కి పక్కకి ఇత్తడి రెక్క ఉన్న హోల్డర్ కావాలంటారు కదా, నాది ఎడమ చెయ్యి. నాకూ అదే కావాలా?

సిరాబుడ్డి (10)

చాలామంది ఎడమచేతి వాళ్లకి తిన్నని హోల్డరే సరిపోతుందండి. కాపర్‌ప్లేట్ అక్షరం కింది గీత నుంచి 55 డిగ్రీల వాలులో కుడివైపు ఒరిగి ఉంటుంది. పాళీ మొన ఆ వాలు వైపే చూస్తేనే రెండు కాళ్లూ సమంగా విచ్చుకుంటాయి. కుడిచేత్తో తిన్నని హోల్డర్ పట్టుకుంటే మొన ఎడమవైపు చూస్తుంది, మణికట్టు బాగా మెలితిప్పితే తప్ప ఆ వాలు రాదు. ఆ మెలికని ఇత్తడి రెక్క తీసేస్తుంది. గీత కింది నుంచి రాసే ఎడమచేతికి ఆ వాలు సహజంగానే వస్తుంది. అక్షరం పై నుంచి చెయ్యి చుట్టి రాసే అలవాటుంటే మాత్రం కాగితం తిప్పుకుని కూర్చోవడం ముందు సర్దుకోవాలి, లేకపోతే రాసినదాని మీదే చెయ్యి పోతుంది.

వంకరగీత గారూ, మీరు కుడిచేతి వారైతే కాపర్‌ప్లేట్ మొదలుపెట్టే రోజున రెక్క హోల్డర్ తీసుకోండి. అందులో పాళీ పెట్టాక పైనుంచి చూడండి, పాళీ మొన హోల్డర్ నడిమి గీతతో ఒకే వరసలోకి రావాలి. రాకపోతే రెక్కని మెల్లగా వంచి సరిచేయాలి. తెలుగుకి మీ తిన్నని హోల్డర్ చాలు.

గుండ్రటిఅక్షరం (11)

తెలుగు మాట వచ్చింది, ఇక ఆగలేను.

ఈ పాళీకి ఒకటే నియమం: కిందికి వచ్చేటప్పుడు ఒత్తొచ్చు, పైకి వెళ్లేటప్పుడు కాగితాన్ని తాకీ తాకనట్టు వెళ్లాలి. బాల్‌పెన్నుతో పెరిగిన చేతికి ఇది తెలియదు, అన్ని దిక్కులా ఒకటే బలం పెడుతుంది. ఇంగ్లీషు కాపర్‌ప్లేట్‌లో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి ఎక్కడ ఒత్తాలో తెలిసిపోతుంది. మనది గుండ్రటి లిపి. ఒకే వంపులో కిందికి దిగడం, పక్కకి తిరగడం, పైకి ఎక్కడం మూడూ ఉంటాయి, కాబట్టి ఒత్తిడి క్షణంలో పెరిగి క్షణంలో తగ్గాలి.

సున్నతో మొదలుపెట్టండి. నిజంగా సున్నే. పైన మొదలుపెట్టి ఎడమవైపుగా కిందికి దిగండి, దిగుతూ మెల్లగా ఒత్తు పెంచండి, నడుము దాటాక తగ్గించడం మొదలుపెట్టండి, అడుగుకి చేరేసరికి ఒత్తు పూర్తిగా పోవాలి. అక్కడి నుంచి కుడివైపుగా పైకి ఊరికే గాలిలా తేలిపోండి. సరిగ్గా వస్తే ఎడమ పొట్ట నిండుగా, కుడి అంచు దారంలా ఉంటుంది. అడుగున బొట్టు నిలబడిందంటే ఒత్తు ఆలస్యంగా వదిలారని. కుడివైపు గుచ్చుకుందంటే అసలు వదల్లేదని. నేను మొదటి పదిహేను రోజులు పేజీలకి పేజీలు సున్నలే చుట్టాను.

తర్వాత తలకట్టు. ఈ పాళీకి తలకట్టు చెప్పి చేయించినట్టు సరిపోతుంది. చిన్నగా కిందికి దిగేటప్పుడు ఒక ఒత్తు, వెంటనే వదిలేసి సన్నగా పైకి. కుదిరితే పిట్ట ముక్కులా పదునుగా వస్తుంది.

చేతికి అలవాటైన దారిలో కొన్ని వంపులు కింది నుంచి పైకి వెళ్తాయి, అక్కడ లావు కావాలనిపిస్తే అలవాటు మార్చుకోండి, కలం ఎత్తి పైనుంచి మళ్లీ దిగండి. అక్షరాన్ని ఒకే ఊపులో రాయాలని ఎవరూ అనలేదు. ఎత్తినచోట అతుకు కనబడకూడదు, అంతే. ముందు గీసిన గీత తడి ఆరకముందే దాని లోపలి నుంచి మొదలుపెడితే అతుకు కలిసిపోతుంది.

గీతలు గీసుకునేటప్పుడు ఇంగ్లీషు షీట్లు వాడకండి. మనకి పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు, కొన్నిచోట్ల ఒత్తు కింద ఇంకో ఒత్తు. నేను అక్షరం ఒళ్లు 10 మిల్లీమీటర్లు, కింద అంతే ఖాళీ, పైన అందులో సగం పెట్టుకుంటాను. చిన్నగా రాస్తే తప్పులు దాక్కుంటాయి, మొదట్లో పెద్దగానే రాయండి.

మూడోపాళీ (12)

> ఒత్తు ఆలస్యంగా వదిలారని

ఇది చదివి నా పాత కాగితాలు తీసి చూశాను. ప్రతి సున్న అడుగునా బొట్టుంది. ఇన్నాళ్లూ సిరాని తప్పుపట్టాను.

వంకరగీత (13)

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. పాళీలన్నీ సబ్బుతో తోమాను. మూడోపాళీ గారు చెప్పినట్టు భూతద్దంలో చూస్తే ఆరింటిలో రెండింటికి కాళ్లు సమంగా లేవు, పక్కన పెట్టేశాను. నిక్కో జి మూడు వచ్చాయి. సిరాలో గమ్ అరబిక్ ఒక చుక్క వేస్తే తేడా తెలియలేదు, రెండోది వేయగానే బొట్లు ఆగిపోయాయి. కాగితం మార్చాక వేర్లు కూడా పోయాయి.

మిగిలింది ఆ రెండు గీతల సమస్య. ముంచిన వెంటనే బాగుంటుంది, రెండో అక్షరానికి వచ్చేసరికి మధ్యలో ఖాళీ వస్తుంది.

సిరాబుడ్డి (14)

దాన్ని రైలు పట్టాలు అంటారు, పేరు చూస్తేనే తెలుస్తోంది కదా. కాళ్లు విచ్చుకున్నప్పుడు వాటి మధ్య సిరా ఒక పొరలా వంతెన కడుతుంది. పాళీ మీద సిరా అయిపోవస్తున్నా, మీరు మరీ వెడల్పుగా విప్పినా, చెయ్యి వేగంగా లాగినా ఆ వంతెన తెగుతుంది. మీకు రెండో అక్షరానికే వస్తోందంటే ముంచడం చాలట్లేదు. పాళీ మధ్యలో ఉన్న కన్నం మునిగి, దానికి కొంచెం పై వరకూ సిరా అంటాలి. తర్వాత బుడ్డి అంచుకి ఒకసారి మెల్లగా తాకిస్తే ఎక్కువైంది దిగిపోతుంది, గట్టిగా విదిలించకండి. సిరా కొంచెం చిక్కబడినా ఇదే జరుగుతుంది, రెండు చుక్కలతో ఆగడం మంచిదైంది.

వంకరగీత (15)

కన్నం దాకా ముంచట్లేదు, నిజమే. మొన మాత్రమే తడిపి రాస్తున్నాను, బొట్టు పడుతుందన్న భయం ఇంకా పోలేదు. ఇంకో ప్రశ్న, రాశాక పాళీని హోల్డర్‌తో సహా నీళ్ల గ్లాసులో ఉంచేస్తున్నాను, ఫర్వాలేదా?

అద్దుడుకాగితం (16)

వద్దండీ, వద్దు. ఈరోజు నుంచే మానేయండి. హోల్డర్ మూతిలో ఆ రింగు, రేకులు కూడా లోహమే, లోపల తడి నిలబడితే తుప్పు పట్టి పాళీని వదలవు. చెక్క కూడా ఉబ్బి పగులుతుంది. నాకిష్టమైన హోల్డర్ ఒకటి అలాగే పోయింది.

రాయడం అయిపోగానే పాళీని మాత్రం నీళ్లలో ఆడించి, పీచు రాలని గుడ్డతో రెండు వైపులా తుడిచి, హోల్డర్‌లోంచి లాగి విడిగా ఆరబెట్టండి. చీలికలో తడి మిగులుతుంది, గుడ్డ అంచుని చీలిక వెంట కిందికి లాగితే అదీ పోతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేసి ఉంచండి. ఇంత చేసినా పాళీ శాశ్వతం కాదు. సన్న గీతలు లావెక్కుతున్నాయన్నా, ముందు లేని గీకుడు మొదలైందన్నా దాని పని అయిపోయినట్టే, కొత్తది తీయండి. నేను పాళీ మార్చిన తేదీ కాగితం మూల రాసుకుంటాను.

ఎడంచేతివాటం (17)

తిన్నని హోల్డర్‌తో, కాగితం బాగా తిప్పుకుని కూర్చుంటే వచ్చింది. మణికట్టు నొప్పి కూడా లేదు. సిరాబుడ్డి గారికి ధన్యవాదాలు.

నల్లమసి (18)

వంకరగీత గారూ, సున్నలు ఎలా ఉన్నాయి?

వంకరగీత (19)

ఇప్పుడే లేచి వస్తున్నాను. కన్నం పైదాకా ముంచాను, అంచుకి ఒకసారి తాకించాను. ఒక్కసారి ముంచితే పదకొండు సున్నలు వచ్చాయి, పట్టాలు పడలేదు. ఆరు, ఏడు, ఎనిమిది చూడాల్సినవి. ఎనిమిదోదానికి ఎడమ పొట్ట నిండుగా ఉంది, అడుగున బొట్టు లేదు, కుడివైపు గీత ఎక్కడ మొదలైందో వెతకాల్సినంత సన్నగా ఉంది. పైకి వెళ్తున్నప్పుడు చప్పుడు కూడా రాలేదు. ఇన్నాళ్లూ ప్రతి గీతకీ గరగర వినబడేది, అది రాతలో భాగమే అనుకున్నాను. చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిదోదానికి మళ్లీ అడుగున బొట్టుంది. రేపు తలకట్లు మొదలుపెట్టొచ్చా, ఇంకా సున్నల్లోనే ఉండాలా?

గుండ్రటిఅక్షరం (20)

పేజీ సగం సున్నలు, సగం తలకట్లు. ఆ ఎనిమిదో సున్న ఉన్న కాగితం పారేయకండి, తేదీ వేసి దాచండి.